మేను మాఱినచో స్త్రీత్వ మేమగును?

1964వ సంవత్సరము డిశంబరు 1వ తేదీని భువనేశ్వరమున ఒక మహావిద్వాంసుడు కన్నుమూసెను. వారి పేరు జె. బి. ఎస్. హాల్డేను. ఇంగ్లండున జన్మించి, జీవశాస్త్రమున లోకవిఖ్యాతి గాంచి, 1957లో మన దేశమునకు వచ్చి, ఇచ్చటి పౌరసత్వమును గూడ స్వీకరించిన వారు. తమ దేహము తమ కిక పనికిరాదు గావున పదుగురికి పనికివచ్చునట్లు చేయవలసినదని వారు కోరియుండిరి. ఆ కోరిక ప్రకారము అది మన కాకినాడ రంగరాయ వైద్యకళాశాల కీయబడినది. ఈ సంగతి కాకినాడవారిలోనే యనేకు లెఱుగరు.

ఆ హాల్డేనుగారే, అంతకు నలుబదియేండ్లకు పూర్వము, 1923లో, కేంబ్రిడ్జి పట్టణమున ఒక వ్యాసము చదివిరి. మఱుసటియేడు అది "డెడాలస్" అను పేర చిన్న పుస్తకముగా వెలువడినది. అందులో రాబోవు కాలపు విద్యార్థి యొకడు గతచరిత్రను చెప్పుచున్నట్లు కల్పన. 1951లో తల్లికడుపునకు వెలుపల పెరిగిన మొదటి శిశువు జన్మించెననియు, 1968 నాటికి ఫ్రాన్సుదేశమున ఏటేట 60,000 మంది బిడ్డలు అట్లు పుట్టుచుండిరనియు, తుదకు ఇంగ్లండున నూటికి ముప్పదిమందికి తక్కువగానే స్త్రీలకు పుట్టుచున్నారనియు ఆ విద్యార్థి చెప్పును. 1951 పోయినది, 1968యు పోయినది. ఒక్కబిడ్డయు అట్లు పుట్టలేదు. అయినను ఆ మాట వట్టి యతిశయోక్తి యని త్రోసివేయుటకు నేడు వీలులేకున్నది.

స్త్రీ యనగా బిడ్డను మోయునది యనియు, పురుషుడనగా మోయనివాడనియు మన సంసారము, మన వావివరుసలు, మన ఆస్తిపాస్తులు ఆ యొక్క గోడపై నిలిచియున్నవి. ఆ గోడను శాస్త్రజ్ఞులు మెల్లమెల్లగా కదలించుచున్నారు. గోడ కదలినచో ఇంటిలోనివారి గతి యేమి యని విచారింప వలసినవారు మగపండితులేనా? గర్భము మనది గాన ముందుగా మనమే విచారించుట న్యాయమని తలంతుము.

సోదరీమణులారా, శిశువు తల్లికడుపున నుండు కాలమును ఒక సొరంగముగా భావింపుడు. దానిని రెండు కొనలనుండియు త్రవ్వుకొని వచ్చుచున్నారు. మొదటి కొన 1978లో తెఱవబడినది. ఆ యేడు జూలై 25వ తేదీని ఇంగ్లండులో లూయీ బ్రౌను అను ఆడశిశువు జన్మించెను. గాజుపాత్రలో పిండమై, పిదప తల్లిగర్భమున బెరిగిన మొదటి బిడ్డ ఆమె. డెబ్బదిదినములు గడచునంతలో, అక్టోబరు 3న, కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయగారి కృషివలన మన దేశమునను అట్టి బిడ్డ పుట్టెను. ఆయన మాటను నమ్మక పెద్దలు పరిహసించిరి. 1981లో ఆ మహనీయుడు ప్రాణత్యాగము చేసికొనెను. గౌరవమంతయు గతించిన పిమ్మట లభించినది. అటుపిమ్మట 2016లో మానవపిండమును గాజుపాత్రలో పదుమూడు దినములవఱకు బ్రతికింపగలిగిరి. పదునాలుగు దినములు మించరాదని శాస్త్రజ్ఞులు తమకు తామే గీత గీచికొనియున్నందున అచ్చట నిలిపివేసిరి. 2021లో ఇజ్రాయేలు దేశమున ఎలుకపిండములను తిరుగుచుండు గాజుసీసాలలో పెట్టి, చేతులు కాళ్లు మొగ్గతొడుగు దశవఱకు పెంచిరి.

రెండవ కొన నెలతక్కువ బిడ్డలది. 2017లో అమెరికాలోని ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రివారు నెలలు నిండని గొఱ్ఱెపిల్లలను తల్లికడుపునుండి తీసి, ఉమ్మనీటివంటి ద్రవముతో నిండిన పారదర్శకమైన సంచులలో ఉంచిరి. బొడ్డుత్రాటిని ఒక ప్రాణవాయుయంత్రమునకు కలిపిరి. రక్తమును త్రోయుటకు వేఱు యంత్రము లేదు. ఆ పిల్లల చిఱుగుండెయే త్రోసెను. నాలుగువారములవఱకు అవి ఆ సంచులలోనే కదలుచు, మెదలుచు, ఉన్ని మొలిపించుకొనుచు పెరిగినవి. మానవశిశువున కైనచో ఇరువదిమూడు ఇరువదినాలుగు వారముల యీడు. మనుష్యబిడ్డలపై ఈ పద్ధతిని పరీక్షింపవచ్చునా యని 2023 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖవారి సలహాసంఘము చర్చించినది. తల్లులకు గర్భభారము తప్పించుట వారి యుద్దేశము గాదు. అకాలమున పుట్టి చనిపోవు పసికందులను దక్కించుకొనుటయే. కాని, నెయ్యి కాచుటకు వెలిగించిన పొయ్యిమీద అన్నమును వండుకొనవచ్చును గదా!

రెండు కొనలకు నడుమ మిగిలినది నాలుగుమాసములకు పైబడిన కాలము. ఆ కాలమును నేటివఱకు తల్లి తప్ప మఱియెవరును మోయనేఱరు.

ఇదిగాక గర్భకోశమునే ఒకరినుండి మఱియొకరికి మార్చుట గలదు. 2014లో స్వీడను దేశమున, పుట్టుకతోనే గర్భకోశము లేని ఒక స్త్రీ, 61 ఏండ్ల స్నేహితురా లిచ్చిన గర్భకోశముతో మగబిడ్డను గనెను. మన పూనానగరమున 2017లో ఒక తల్లి తన గర్భకోశమును కూతున కిచ్చెను. 2018 అక్టోబరులో ఆ కూతురు ఆడపిల్లను గనెను. తాను పెరిగిన గర్భముననే తన బిడ్డయు పెరిగినదని ఆ తల్లి చెప్పుకొనగలదు. ఇట్టి వాక్యమును పలుకుటకు గర్భకోశమును మార్చు విద్య రాకమునుపు ఏ స్త్రీకిని అవకాశము లేకుండెను. ఎలుకల విషయమున శాస్త్రజ్ఞులు ఇంకను దూరము పోయిరి. 2004లో జపానున తండ్రి లేక ఇరువురు తల్లులకు ఒక ఎలుక పుట్టెను. 2023లో అదే దేశమున మగయెలుక కణమునుండి అండమును సృజించి, ఇరువురు తండ్రులకు ఎలుకపిల్లలను పుట్టించిరి. 630 పిండములను ఆడయెలుకల గర్భములలో నుంచగా ఏడు పిల్లలు దక్కెను. తండ్రు లిద్దఱైనను మోయుటకు తల్లిగర్భము కావలసియే వచ్చినదని గమనింపుడు.

గాంధారి పిండమును వ్యాసుడు నేతికుండలలో నుంచెననియు, దేవకిగర్భము రోహిణికి మార్చబడెననియు చూపి, ఇవన్నియు మనకు పూర్వమే గలవని చెప్పువారు కొందఱున్నారు. మా కది సమ్మతము గాదు. కుండ యున్నది గాని కుండను చేయు విధానము గ్రంథమున లేదు. పురాణములు శాస్త్రగ్రంథములు కావు. అయితే మనుష్యుల మనసు లెట్టివో అవి చక్కగా చెప్పును. కావున మేను మాఱిన వారి కథలను ఆ దృష్టితో ఒకసారి తిరుగవేయుదము.

యువనాశ్వుడను రాజు రాణికై మంత్రించియుంచిన జలమును దప్పికచే తానే త్రాగి గర్భము ధరించెను. ఎడమప్రక్క చీలి మాంధాత పుట్టెను. బిడ్డ యేమి త్రాగునని అందఱును కలవరపడగా, ఇంద్రుడు తన వ్రేలిని నోట నుంచెను. రాజునకు ప్రాణాపాయము కలుగలేదని కథకుడు శ్రద్ధతో చెప్పును. వేలకొలది తల్లుల ప్రసవములను వర్ణించిన పురాణములలో ఇంత శ్రద్ధ మాకెచ్చటను కనబడలేదు!

భంగాస్వనుడను రాజు ఇంద్రునికోపముచే స్త్రీయై, అడవిలో ఒక తాపసునివలన బిడ్డలను గనెను. ఇంద్రుడు ప్రసన్నుడై వరమడుగు మనగా, పురుషుడుగా నున్నప్పుడు కలిగిన బిడ్డలకంటె స్త్రీగా గనిన బిడ్డలయందే ప్రేమ యెక్కువ యని చెప్పి, వారిని బ్రతికింపు మనెను. మఱల పురుషత్వ మిత్తు నన్నను వలదనెను. స్త్రీకే రతిసౌఖ్య మధిక మని కారణము చెప్పెను. అనుశాసనపర్వమున ధర్మరాజునకు ఈ కథ చెప్పినవాడెవడు? అంపశయ్యమీదనున్న భీష్ముడు. ఆయనను ఆ శయ్యమీదికి చేర్చిన యుద్ధమున ముందు నిలిచినవాడు శిఖండి.

శిఖండి ద్రుపదుని కూతురుగా పుట్టి కొడుకుగా పెంపబడెను. పెండ్లియైన పిదప నిజము బయటపడి, దశార్ణరాజగు మామ దండెత్తివచ్చెను. అప్పుడు అడవికి పోయి స్థూణాకర్ణుడను యక్షుని పురుషత్వమును తాను గైకొని, తన స్త్రీత్వమును ఆతని కిచ్చెను. మామగారు పరీక్ష చేయించి సంతుష్టుడై మరలిపోయెను. దేహము మాఱినది, మామగారు ఒప్పుకొనెను, భార్యయు ఊరటగాంచెను. కాని కురుక్షేత్రమున భీష్ముడు మాత్రము, వీడు మున్ను స్త్రీ యని విల్లు దించెను. మేను మాఱినను భీష్ముని చూపు మాఱలేదు. నేటి శస్త్రవిద్య యంతయు శిఖండిమేనిమీదనే పనిచేయుచున్నది. భీష్ముని కంటికి మందు ఏ ఆసుపత్రిలోను లేదు.

ఇది పురాణముల మాటయే కాదు. మైకేల్ డిల్లను అను నాయన 1915లో ఇంగ్లండున ఉన్నతవంశమున ఆడపిల్లగా పుట్టెను. తాను స్త్రీ ననెడి భావము ఆయనకు లేదు. మొదటి మహాయుద్ధమున ముఖములు చెడిన సైనికులకు క్రొత్త ముఖములు కల్పించిన హరాల్డు గిలీసు అను శస్త్రవైద్యుడు 1946 మొదలు 1949 వఱకు ఆయనకు పదుమూడు శస్త్రచికిత్సలు చేసి పురుషదేహమును కల్పించెను. డిల్లను తానును వైద్యుడై ఓడలమీద పనిచేసెను. అన్నగారికి సంతానము లేదు. వంశబిరుదు మగవానికే చెందును. బ్రిటిషు ప్రభువంశముల పట్టికలు రెండింటిలో ఒకటి ఆయనను తమ్ముడనియు, ఒకటి చెల్లెలనియు ముద్రించినందున 1958లో పత్రికలవారు రచ్చ చేసిరి. ఆయన మన దేశమునకు వచ్చి, బౌద్ధసన్న్యాసము స్వీకరించి, 1962లో డల్హౌసీలో కాలముచేసెను. పదుమూడు శస్త్రములకు లొంగిన దేహము ఒక్క వంశవృక్షమునకు లొంగలేదు. డెన్మార్కుదేశపు చిత్రకారిణి లిలీ ఎల్బె యంత దూరము కూడ పోలేకపోయెను. పురుషుడుగా పుట్టిన ఆమె స్త్రీయై బిడ్డను గనవలెనని గర్భకోశమును అమర్పించుకొని, 1931లో డ్రెస్డెనున ఆ చికిత్స వికటించి మృతినొందెను.

ఇప్పటి వైద్యమున ఏది సాధ్యము, ఏది కాదు? పురుషహార్మోను పుచ్చుకొనిన వారికి గొంతు బొంగురై మీసము మొలచును. మందు మానినను ఆ గొంతు వెనుకకు రాదు. స్త్రీహార్మోనువలన చర్మము మెత్తబడును, రొమ్ములు పెరుగును. గాని ఒకసారి బరువెక్కిన కంఠము దానివలన సన్నగిల్లదు, సాధన గాని శస్త్రము గాని వేఱుగ కావలెను. లిలీ ఎల్బె కోరినది మాత్రము నేటికిని నెఱవేఱలేదు. ఊరూర తిరుగు హిజ్రాలకు పూర్వము గుట్టుగా జరుగుచుండిన మోటు చికిత్సలో రక్తస్రావమున ప్రాణములు పోయినవి యెన్నో లెక్కలేదు. వైద్యుని చేతిక్రింద జరుగుటయే ఒక పెద్ద మార్పు.

మన తెలుగునేలపై నైజాము కాలమున 1919లో చేసిన ఒక చట్టము, వారి పేర్లు పట్టికలో నెక్కించి, ఆడువేషమున వీథిలో కనబడినచో పట్టుకొనుటకు రక్షకభటుల కధికార మిచ్చెను. అట్టి చట్టము 2023 జూలైలో గాని తెలంగాణా హైకోర్టు కొట్టివేయలేదు. అంతకుముందే, 2014 ఏప్రిలు 15న, సుప్రీముకోర్టువారు ఎవరి లింగమును వారే నిర్ణయించుకొనవచ్చు ననియు, దానికి శస్త్రచికిత్సను షరతుగా పెట్టరాదనియు తీర్పు చెప్పిరి. 2022లో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో ట్రాన్స్‌జెండరు వైద్యు లిద్దఱు ప్రభుత్వోద్యోగమున చేరిరి. వీథిలో కనబడుటయే నేరమైన చోట, నాడిపట్టి మందిచ్చు స్థానము. ఇది శస్త్రము చేసిన పని కాదు. చూపు కొంత మాఱుటవలన జరిగినది.

ఇచ్చట మా కొక వ్యాకరణముమాట జ్ఞప్తికి వచ్చుచున్నది. చిన్నయసూరిగారి బాలవ్యాకరణమును చిన్ననాట వల్లెవేసిన సోదరీమణులకు తెలియును. మన తెలుగున మగవానిని చెప్పు మాట మహత్తు. పశువులు, పక్షులు, రాళ్లు, రోళ్లు అమహత్తులు. స్త్రీవాచకములో? ఏకవచనమున అమహత్తులతో చేరును, బహువచనమున మహత్తులతో చేరును. ఒక్కతెయై నిలిచినచో రోలుతో సమానము. పదుగురు కూడినచో మనుష్యులము! దీని నేర్పరచినది ఏ గర్భకోశమును గాదు; మాటలాడువారి అలవాటు.

కనుక రాబోవు యంత్రములు మన కేమి చేయునో తెలిసికొనుటకు, వచ్చియున్న యంత్రములు ఏమి చేసినవో చూచుట మేలు. మేనిని మార్చు విద్య మన యిండ్లకు ఎప్పుడో వచ్చినది.

బిడ్డలు చాలుననుకొన్న దంపతులకు ఆపరేషను గలదు. మగవానికి చేయునది సులభము, కడుపు కోయ నక్కఱలేదు, కొలది నిమిషముల పని. ఆడుదానికి చేయునది అంతకంటె కష్టము. శాస్త్రము రెండు త్రోవలును చూపినది. 2019–21 జాతీయ కుటుంబారోగ్యసర్వేప్రకారము దేశమున గృహిణులలో నూటికి 37.9 మంది ఆ కత్తి క్రిందికి పోయిరి. పురుషుల ఆపరేషను నాశ్రయించిన దంపతులు నూటికి 0.3. ఆంధ్రప్రదేశమున నైతే స్త్రీలు నూటికి డెబ్బదికి చేరువ. 1976లో ఎమర్జెన్సీకాలమున 60 లక్షలకు పైగా పురుషులను, పలువురను బలవంతముగా, ఆపరేషనుబల్ల యెక్కించిరి. ఆ కోపమునకు ప్రభుత్వమే కూలినది. పిదప ఏ ప్రభుత్వమును మగవారి జోలికి పోలేదు. భారమంతయు మనవైపునకు మరలినది. స్త్రీలు కోపించి ప్రభుత్వములను కూల్చినట్లు మాత్రము మేము వినియుండలేదు.

స్కానింగు వచ్చినది. గర్భస్థశిశువు క్షేమము తెలిసికొనుటకు వచ్చిన సాధనము ఆడుపిండమును గుర్తుపట్టు గూఢచారి యైనది. 1994లో చట్టము చేసినను, ఆఱేండ్లలోపు బాలురు వేయిమందికి బాలికలు 1991లో 945 మంది యుండగా 2001 నాటికి 927కు దిగిరి.

గర్భకోశము తీసివేయు శస్త్రము వచ్చినది. అవసరమైనప్పుడు అది ప్రాణదానమే. 2015–16 సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో దేశమున నూటికి 3.2 మందికి అది తీసివేయబడియుండగా, ఆంధ్రప్రదేశమున 8.9 మందికి, తెలంగాణములో 7.7 మందికి తీసివేయబడియుండెను. మన స్త్రీల గర్భకోశములు మాత్రమే అంత చెడినవా? మేమెఱిగిన ఒక యిల్లాలికి ముప్పదియేండ్లు నిండకమునుపే తీసివేసిరి. తెల్లబట్టయు కడుపునొప్పియు వ్యాధి. బిడ్డలు పుట్టిరి గదా, ఇక దానితో పనియేమని వైద్యు డనెనట. భర్తయు అత్తయు తలయూపిరి. ఆమె మాట యెవరును అడుగలేదు. ఇప్పుడామె కూర్చున్నచో లేవలేక, ఒంటి సెగలతో, రాత్రులు నిదురలేక యున్నది. అండాశయములను గూడ పెందలకడ తీసివేసినచో ముట్టుడిగినట్లే యగుననియు, ఎముకలు బలహీనపడుననియు ఆమెకు ముందుగా చెప్పినవారు లేరు. ఇది చదువు సోదరీమణులలో ఎవరికైన అట్టి సలహా వచ్చినచో రెండవ వైద్యునివద్దకు పొండని మా ప్రార్థన.

కామము సంగతియు చెప్పక తప్పదు. పురుషార్థములలో నొకటిగా పెద్దలు లెక్కించిన దానిని గూర్చి మర్యాదగా మాటలాడుటలో తప్పులేదు. 1960లో అమెరికాలో గర్భనిరోధపు మాత్ర కనుమతి లభించిననాడు, కూడికకును కడుపునకును గల ముడి మొదటిసారి స్త్రీచేతి కందినది. 1998లో పురుషుల అశక్తతకు మాత్ర వచ్చినది. స్త్రీలకు ఇచ్ఛ కలిగించు నని చెప్పబడు మాత్ర కనుమతి దొరకుటకు 2015 వచ్చినది. ఈ రెంటి తీరు వేఱు. పురుషునికి ఇచ్ఛ కలదు, దేహము లొంగదు. ఆ మందు దేహమునకు. స్త్రీకి ఇచ్చెడిది ఆమె కోరికనే మార్చుటకు. ఆమెకు కోరిక లేకపోవుట వ్యాధియా? పగలంతయు చాకిరితో అలసినందువలననా? ఆ భర్తయం దిష్టము లేకనా? ఈ ప్రశ్న వేయకయే మాత్ర చేతిలో పెట్టినచో, అది భార్యకు మందా, భర్తకు సౌకర్యమా? రేపు దీనికంటె బలమైన మందులు వచ్చును. ఎవరి కోరికను ఎవరు దిద్దుకొందురో చూడవలెను. ఒకే జాతివారైన యిద్దరి యనురాగము నేరము కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీముకోర్టువారు తీర్పు చెప్పిన తరువాత గూడ, అట్టి బిడ్డలను 'మార్పించుటకు' వైద్యులచుట్టు త్రిప్పు తల్లిదండ్రులను మేము చూచితిమి. కోరికను మార్చు మందు నిజముగా దొరకిననాడు వారి బిడ్డల గతి తలచికొన్న మాకు భయమగును.

సరే, ఆ సొరంగము రెండు కొనలును కలిసినవనియే యూహింతము. గది మూలను పారదర్శకమైన సంచిలో బిడ్డ పెరుగుచున్నది. మొదటి యింట భార్యాభర్త లిరువురును ప్రక్కప్రక్కన నిలిచి చూచుకొందురు. గుండెజబ్బుచేతనో, పుట్టుకలోని కొఱతచేతనో కనలేని స్త్రీ తల్లియగును. గొడ్రాలనెడి క్రూరమైన మాట నిఘంటువునకు మాత్రము మిగులును. స్త్రీగా మాఱినవారును, పెండ్లాడని పురుషుడును, ఇరువురు స్త్రీలును బిడ్డను పొందుదురు. ప్రసవవేదనయు ప్రాణభయమును తప్పును. ఇది చిన్నమేలు కాదు. అమెరికాలో షూలమిత్ ఫైర్‌స్టను అను నామె 1970లోనే, గర్భభారము తప్పిననాడు గాని స్త్రీకి విడుదల లేదని పుస్తకము వ్రాసెను.

రెండవ యింటికి పోదము. అచ్చట అత్తగారున్నారు. సంచికి వేవిళ్లు లేవు, పులుపు కోరదు, పురిటికి పుట్టింటికి పోదు, మూడుమాసములు మంచము దిగకుండుట లేదు. ఇక కోడలెందుకు కూర్చుండవలెను? సోదరీమణులారా, కఱవింట నైనను కోడలిని నీకేమి తినవలెనని యున్నదని యడుగు కాలము ఆమె జీవితమున ఒక్కటే కలదు. గాజులు తొడిగి, చలిమిడి పెట్టి, బరువెత్తవలదని చెప్పు కాలము అదియే. ఆ గౌరవము ఆమెకు గాదు, కడుపులోని వానికని మే మెఱుగుదుము. అయినను దాని నీడలో ఆమె కొంత విశ్రమించును. కడుపు ఖాళీ యైననాడు ఆ నీడయు పోవును. గర్భకోశముచేత మాత్రమే విలువగట్టు ఇంట గర్భకోశముతో పనిలేకుండ చేయుట స్త్రీని విడిపించుటయా, వెళ్లగొట్టుటయా?

హాల్డేనుగారి మొదటిభార్య షార్లటుగారికి ఈ యనుమానము కలిగినట్లున్నది. భర్త వ్యాసము వెలువడిన రెండేండ్లకు, 1926లో, ఆమె ఒక నవల వ్రాసిరి. పుట్టబోవు బిడ్డ ఆడో మగో ముందే యేర్పరుపగల రాజ్యమది. అచ్చట పురుషులే పాలింతురు. స్త్రీలు కనుటకు నియమింపబడినవారనియు, కనకుండ చేయబడినవారనియు రెండు తెగలు. ఒక యింటనే భర్తకు సంఖ్యలు కనబడినవి, భార్యకు మనుష్యులు కనబడిరి. దీనికి పూర్వమే, 1905లో, బంగాళదేశపు రోకియా బేగముగారు "సుల్తానా స్వప్నము" అను కథను వ్రాయగా చెన్నపట్టణపు ఇండియన్ లేడీస్ మేగజైనులో అచ్చయినది. అందు పురుషులు ఘోషాలో నుందురు. స్త్రీలు సూర్యరశ్మితో వంట చేయుచు, మేఘములనుండి నీరు దించుకొనుచు రాజ్యమేలుదురు. రోకియాగారు ఎవరి మేనినుండియు ఒక్క వెంట్రుకను గూడ మార్చలేదు. మగవారిని లోపల కూర్చుండబెట్టి తలుపు వేసిరి, అంతియే. ఈ మూడింటిలో మా కిష్టమైనది ఏదని యడిగినచో వేఱుగ చెప్పవలెనా?

ఇక న్యాయశాస్త్రపు చిక్కు లనేకములు. నేడు వయసువచ్చిన స్త్రీ చట్టము గీచిన హద్దులలో గర్భమును తొలగించుకొనదలచినచో 1971నాటి చట్టప్రకారము ఆమె సమ్మతియే చాలును, భర్త సంతకము అక్కఱలేదు. బిడ్డ ఆమె మేనిలో నున్నది గాన ఆ హక్కు. బిడ్డ సంచిలో నున్నప్పుడు మీట యెవరి చేతిలో నుండును? డబ్బు కట్టినవారిదా? ఆసుపత్రివారిదా? ఇరువురి సంతకములును కావలెనా? ఒక్కరు మాత్రమే వద్దన్నచో? అద్దెగర్భములను గూర్చి 2021లో చట్టము చేసినప్పుడు పార్లమెంటులో ఏండ్లకొలది తర్జనభర్జన జరిగినది. తుదకు డబ్బిచ్చి కనిపించుకొనుట నిషేధింపబడెను. సంచిని అద్దెకిచ్చుట కా నిషేధము వర్తించునా?

మఱియొక చిన్న చిక్కు. 2017లో చట్టము సవరింపబడినప్పుడు, ప్రసవించు ఉద్యోగినికి 26 వారములును, పరులగర్భమున బిడ్డను పొందు తల్లికి 12 వారములును సెలవు నిర్ణయించిరి. తండ్రికి ఆ చట్టమున ఒక్కదినమైనను లేదు. కేంద్రప్రభుత్వోద్యోగులకు మాత్రము వేఱు నిబంధన ననుసరించి 15 దినములు గలవు. సంచి విప్పి బిడ్డను ఇంటికి తెచ్చిననాడు, తల్లికిని పురుడు లేదు, తండ్రికిని లేదు. ఇరువురును సమానముగా ఒళ్లు చెడకుండ నున్నవారే. బిడ్డ మాత్రము రాత్రి రెండుగంటలకు ఏడ్చును. ఆ సెలవుచీటీ ఎవరి పేర వ్రాయుదురో, దానిమీద కచేరీలోని పెద్దగుమాస్తా ఏమని వ్రాసి పంపునో చూడవలెనని మాకు మిక్కిలి కుతూహలముగా నున్నది.